ఛానెల్ నడిపే పిల్లలకు ఎనిమిది అనుభవ పాఠాలు

మా చిరాగ్‌పల్లి కర్ణాటక సరిహద్దు మీది ఊరు. జహీరాబాద్ దాటి 65వ నంబరు జాతీయ రహదారి మీద హుమ్నాబాద్ వైపు పోయే లారీలన్నీ మా ముందు నుంచే పోతాయి. ఈ చుట్టుపక్కల చదువుకున్న పిల్లలు యూట్యూబ్ ఛానెళ్లు, వాట్సాప్ గ్రూపులు పెట్టి పంటలు, ధరలు, వంటలు, జాతరలు చూపిస్తున్నారు. ఏ వారం ఏం పెట్టాలో రాసుకునే పనిలో వాళ్ల పక్కన కూర్చుంటూ వచ్చిన పెద్దవాణ్ని నేను. చెప్పే విషయం లేక ఆగిన ఛానెళ్లు నాకు కనిపించలేదు. రేపటి సంగతి ఇవాళ రాసుకోక ఆగినవే కనిపించాయి. అందుకే ఈ నాలుగు మాటలు.

1. చూసేవాళ్ల ఏడాదిని బట్టి రాయండి

మీ తీరికను బట్టి క్యాలెండర్ రాస్తే అది మీకే పనికొస్తుంది. మన ఊర్లలో జనం మూడు లెక్కల మీద బతుకుతారు. కార్తెలు సూర్యుడి లెక్క. రోహిణి మే 25 ప్రాంతంలో, మృగశిర జూన్ 7, 8 తేదీల్లో వస్తాయి, పెద్దగా కదలవు. పండుగలు తిథుల లెక్క. ఏరువాక పున్నమి 2025లో జూన్ 11న వచ్చింది. 2026లో జ్యేష్ఠం అధికమాసం కనుక అదే పున్నమి జూన్ చివరి రోజులకు జరిగింది. పీర్ల పండుగ హిజ్రీ లెక్క. అది ఏటా పది పదకొండు రోజులు ముందుకు వస్తుంది, నెలవంక కనిపిస్తేనే ఖరారు. కాబట్టి నిరుటి షీట్‌ను కాపీ చేసి ఏడాది అంకె మారిస్తే సరిపోదు. పంటల పనులను కార్తె పక్కన రాయండి. పండుగలను పంచాంగంతో సరిచూడండి. పీర్లను, రంజాన్‌ను పెన్సిల్‌తో రాసి నెలవంక తర్వాత ఖాయం చేయండి.

2. తప్పక వచ్చే రోజుల చుట్టూ మిగతావి పేర్చండి

డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డి.డి.ఎస్.) వాళ్ల పాత పంటల జాతర ప్రతి ఏటా సంక్రాంతికి మొదలవుతుంది. విత్తనాలతో అలంకరించిన ఎడ్లబండ్లు దాదాపు నెలరోజులు ఊరూరా తిరుగుతాయి. శివరాత్రికి ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వరుని జాతరకు కర్ణాటక, మహారాష్ట్రల నుంచి కూడా జనం వస్తారు. ఇవి వస్తాయని అందరికీ ముందే తెలుసు. ఒక్కో పెద్ద రోజుకు మూడు గడులు ఉంచండి. ముందు వారం దారి, వసతి, చరిత్ర. ఆ రోజు అక్కడి దృశ్యం. తర్వాత వారం అక్కడ కలిసిన మనుషుల మాట. పత్రికలవాళ్లకు ఇది పాత విద్యే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఆంధ్రపత్రిక తరఫున 1910 నుంచి ఉగాది సంచికలు తెచ్చారు. ఉగాది నాటికి అలాంటి సంచిక చేతికి రావాలంటే నెలల ముందే రచయితలకు ఉత్తరాలు వెళ్లాలి.

3. చివరి తేదీ నుంచి వెనక్కి లెక్క పెట్టండి

అన్నిటికంటే అక్కరకొచ్చే పాఠం ఇదే, కాబట్టి లెక్కతో సహా చెబుతాను. విత్తనం మొలక పరీక్ష మీద వీడియో అనుకోండి. నూరు గింజలు తడి గుడ్డలో చుట్టి, ఎన్ని మొలిచాయో చూసుకోవడమే పరీక్ష. దానికి దాదాపు వారం పడుతుంది. మొలక తక్కువైతే రైతు వేరే విత్తనం వెతుక్కోవడానికి ఇంకో రెండు వారాలు కావాలి. మృగశిర జూన్ 8 అనుకుంటే ఆ వీడియో మే 15 లోపే జనానికి అందాలి. ఎడిటింగ్‌కు వారం తీసేస్తే మే మొదటి వారంలోనే చిత్రీకరణ అయిపోవాలి. జూన్ 10న పెడితే ఎంత బాగా తీసినా రైతుకు ఏం లాభం? శనగ, యాసంగి జొన్న సంగతీ అంతే. విత్తేది అక్టోబర్‌లో అయితే విత్తనం మాట సెప్టెంబర్ మధ్యలోనే రావాలి.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. విత్తే ముందు విత్తడం చూపించాలంటే ఆ దృశ్యం ఎక్కడిది? నిరుడు తీసిందై ఉండాలి. కంది పూత నవంబర్‌లో, అల్లం తవ్వకం చలికాలంలో, చెరకు నరకడం గానుగల కాలంలో మాత్రమే దొరుకుతాయి. ఈ ఏడు తీసింది వచ్చే ఏటికి పనికొస్తుంది. తీసిన ప్రతి ముక్కకూ పంట పేరు, కార్తె, ఊరు రాసి దాచండి. పేరు పెట్టని ఫైలు కావలసినప్పుడు దొరకదు.

4. నిల్వ ఉంచుకొని మొదలుపెట్టండి

మనకు దగ్గర్లోనే మాచనూర్‌లో సంగం రేడియో ఉంది. దూరదర్శన్‌లో నిర్మాతగా పనిచేసి వచ్చిన పి.వి. సతీశ్, ఆయన సహచరులు నిలబెట్టిన డి.డి.ఎస్. సంఘాల ఆడవాళ్లది అది. యునెస్కో సాయంతో 1990ల చివరికే స్టూడియో సిద్ధమైంది కానీ ప్రసారానికి లైసెన్సు లేదు. స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో తలుపు తెరిచిన విధానం 2006 నవంబర్‌లో వచ్చింది. ఆ రేడియో 90.4 మెగాహెర్ట్జ్ మీద గాలిలోకి వచ్చింది 2008 అక్టోబర్ 15న. ఐక్యరాజ్యసమితి గ్రామీణ మహిళల దినాన్ని మొదటిసారి జరిపిన రోజు కూడా అదే. మధ్యలో అన్నేళ్లూ వాళ్లు చేతులు కట్టుకొని కూర్చోలేదు. పాటలు, సేద్యం ముచ్చట్లు, మందుమాకుల సంగతులు రికార్డు చేసి, క్యాసెట్లు సంఘం మీటింగుల్లో వినిపించారు. లైసెన్సు వచ్చేనాటికి పనీ వచ్చింది, నిల్వా ఉంది. మీరు కూడా కనీసం నాలుగు వారాలకు సరిపడా తయారు చేసుకున్నాకే మొదటి వీడియో పెట్టండి. ఎప్పుడైనా పనికొచ్చే అంశాలు, అంటే పుంటికూర పచ్చడి, సామలు దంచే తీరు, పెద్దమ్మల పాటలు, రెండు మూడు పక్కన ఉంచండి. ఇంట్లో జ్వరాలొచ్చిన వారం అవే ఆదుకుంటాయి.

5. వేళ చూసేవాళ్లది

సంగం రేడియోను ఆ సంఘాల ఆడవాళ్లే అయిన జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ నడిపిన తీరు చూడండి. రోజుకు రెండు గంటలు, రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా ప్రసారం. చేను నుంచి వచ్చి, పొయ్యి వెలిగించి, చెవి ఇటు పెట్టగల వేళ అదే. మీ వీడియో అర్ధరాత్రి పూర్తయితే అర్ధరాత్రే పెట్టనక్కరలేదు. షెడ్యూల్ మీట ఉన్నది అందుకే. ధరల సంగతి మార్కెట్‌కు బయలుదేరే ముందు, తెల్లవారుజామునే చేరాలి. సేద్యం మాట రాత్రి భోజనాల వేళకు. వంట ఆదివారం ముందు రోజుకు. వేళ ఒకసారి చెప్పాక మార్చకండి.

6. ఒక్కో గడికి ఒక్క మనిషి

షీట్‌లో ఈ వరుసలు చాలు: తేదీ, అంశం, తీసేది ఎవరు, ఎడిటింగ్ ఎవరు, తయారుకావాల్సిన రోజు, మాట్లాడినవాళ్లు ఒప్పుకున్నారా లేదా, పని ఎందాక వచ్చింది. "అందరం చూసుకుందాం" అని రాసిన గడి ఎవరూ చూడరు. ఫోన్‌లో షీట్ ఉన్నా గోడకు కాగితం కూడా అంటించండి. ఇంట్లోవాళ్లు చదువుతారు, రేపు షూటింగ్ ఉంది కదా అని వాళ్లే గుర్తు చేస్తారు. కోతల కాలంలో మీరూ చేనుకు పోవాల్సినవాళ్లే. ఆ వారాల్లో సంఖ్య ముందే తగ్గించి రాసుకోండి. నెలకు పన్నెండు పెట్టి తర్వాత మూడు నెలలు మాయమయ్యే ఛానెల్ కంటే, వారానికొకటి చెప్పిన రోజున పెట్టే ఛానెల్‌నే జనం నమ్ముతారు.

7. ఖాళీలు ఉంచండి, షెడ్యూల్‌ను ప్రతి పొద్దునా చూడండి

వడగండ్ల వాన, ధర పడిపోవడం, కందికి కాయతొలిచే పురుగు, ఇవి క్యాలెండర్ చూసి రావు. నెలలో నాలుగో వంతు గడులు ఖాళీగా వదిలితే వీటికి చోటుంటుంది. ఇంకొక మాట. మీరు వారం కింద షెడ్యూల్ పెట్టిన హాస్యం వీడియోకు ఇవాళ ఊళ్లో చావు జరిగిందని తెలియదు. యంత్రం వేళకు పెట్టేస్తుంది. కాబట్టి ఆ రోజు వెళ్లబోయేది ఒకరు పొద్దున్నే చూడాలి, ఆపాల్సి వస్తే ఆపాలి. ఆ అధికారం ఎవరిదో ముందే రాసుకోండి.

8. నెలాఖరున ప్రశ్నలు చదవండి

ఎంతమంది చూశారన్నది ఒక అంకె. ఏం అడిగారన్నది వచ్చే నెల క్యాలెండర్. కొర్రల వీడియో కింద పదిమంది విత్తనం ఎక్కడ దొరుకుతుందని అడిగితే, తర్వాతి అంశం మీకు వాళ్లే ఇచ్చారు. సరిహద్దు అవతలివాళ్లు కన్నడంలో అడుగుతున్నారంటే, నెలకొకటైనా కన్నడం మాట్లాడే రైతుతో తీయమని అర్థం. మన ఊర్లలో తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ వినపడతాయి, మీ షీట్‌లో కూడా కనపడాలి.

బిడ్డలారా, పట్నం ఛానెళ్లకు మన కార్తెలు తెలియవు, మన నేల తెలియదు. మీకు రెండూ తెలుసు, చేతిలో ఫోన్ ఉంది. ఈ వారమే కూర్చొని రాబోయే నాలుగు వారాలు రాసుకోండి. ఒక్కో గడి ఎదురుగా ఒక్కో పేరు, ఒక్కో తేదీ రాయండి. రాసిన తేదీకి రాసింది పెట్టండి.