పాత గీత ఎవరి కోసం?

భీమవరం

మనవరాలికి,

నీ ఉత్తరం అందింది. మనుషుల్ని ముక్కలు ముక్కలుగా విడదీసి గీసిన పికాసో, 1921లో గ్రీకు విగ్రహాల్లాంటి నిండైన ఆడవాళ్ళను నీటి ఊట దగ్గర కూర్చోబెట్టడం వెనకడుగు కాదా అని అడిగావు. మీ క్లాసులో అందరూ అవుననే అన్నారట. నేను అంత తొందరగా ఒప్పుకోలేనమ్మా.

అప్పటికి మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి మూడేళ్ళు. లక్షలకు లక్షల కుర్రాళ్ళు పోయారు. తిరిగొచ్చినవాళ్ళలో ఎందరికో కాలో చెయ్యో లేదు. చిత్రకారుడు బ్రాక్ తలకు పెద్ద గాయమైంది. మరో చిత్రకారుడు లెజె కందకాల్లో పోరాడి వచ్చాడు. అలాంటి రోజుల్లో చెక్కుచెదరని ఒంటిని మళ్ళీ గీయాలనిపించడం పిరికితనం ఎలా అవుతుంది? అదే 1921లో లెజె ముగ్గురు స్త్రీలను పాత పద్ధతిలోనే కుదురుగా కూర్చాడు. వాళ్ళ ఒళ్ళు మాత్రం యంత్రభాగాల్లా నున్నగా మెరుస్తాయి. తన కాలాన్ని అతను వదులుకోలేదు.

పాతదాని వైపు తిరిగే ఆ దారే మరో చోటికీ వెళ్ళింది. ఇటలీలో 1922లో కళా విమర్శకురాలు మార్గెరీటా సార్ఫత్తి చుట్టూ చేరిన నొవెచెంతో చిత్రకారుల బృందం ముస్సోలినీ నీడకు చేరింది. 1937లో మ్యూనిక్‌లో హిట్లర్ ప్రభుత్వం కండలు తిరిగిన విగ్రహాలకు పెద్ద భవనం కట్టి, ఆధునిక చిత్రాలను ‘భ్రష్ట కళ’ అని విడిగా వేలాడదీసి ఎగతాళి చేసింది. అక్కడ గాయపడ్డవాడికి చోటే లేదు. అందుకే పాతదాని వైపు తిరిగిన ప్రతివాణ్ణీ నేను ఒక్కటే అడుగుతాను: ఆ గీతను ఎవరి కోసం తెచ్చావు?

పికాసో ఆ ఆడవాళ్ళను గీసిన ఏళ్ళలోనే మన గోదావరి ఒడ్డున చిత్రకారుడు దామెర్ల రామారావు ఉన్నాడు. రాజమండ్రి కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే అతని చెయ్యి గుర్తుపట్టి ప్రోత్సహించాడు. బొంబాయి జె.జె. స్కూలులో యూరప్ పద్ధతిలో శరీర నిర్మాణం నేర్చుకున్నాడు. అజంతా గోడల మీది గీత దగ్గర లయ నేర్చుకున్నాడు. ఆ రెంటినీ తీసుకొచ్చి రాజమండ్రిలో బడి పెట్టి కుర్రాళ్ళకు నేర్పాడు. పరాయి పాలనలో మనకంటూ కళ లేదనిపించుకున్న రోజుల్లో మన మనుషులకు, మన కొండలకు, మన నదికి ఆ గీతతో గౌరవం తెచ్చాడు. 1925లో 28 ఏళ్ళు నిండకుండానే పోయాడు. మన భీమవరంలో వకీలుగా ఉన్న అడివి బాపిరాజు కూడా కూల్డ్రే శిష్యుడే. బందరు జాతీయ కళాశాలలో ప్రమోదకుమార ఛటర్జీ దగ్గర కుంచె పట్టి, తరవాత అక్కడే ఎందరికో నేర్పాడు.

సెలవులకు వచ్చినప్పుడు రాజమండ్రి వెళ్ళి దామెర్ల గ్యాలరీలో ఒక పూటంతా కూర్చో. ‘పుష్పాలంకరణ’ చూడు. ఆ భుజం వంపు, వేళ్ళ కదలిక నీ చేతికి పట్టుబడేదాకా గీసుకో.

ఆ తరవాత మన ఊరి రొయ్యల షెడ్డుకి వెళ్ళు. మంచునీళ్ళలో చేతులు పెట్టి గంటల తరబడి నిలబడి రొయ్యల తలలు తీసే ఆడవాళ్ళను ఆ గీతతోనే గియ్యి. గ్రీకు దేవతకీ అజంతా రాణికీ దక్కిన నిండుతనం వాళ్ళకీ దక్కాలి. నడుం నొప్పి దాచకు, వేళ్ళ మీది పగుళ్ళు దాచకు. వాళ్ళు ఆ బొమ్మ చూసి ‘ఇది నేనే’ అంటే, నువ్వు పాతదాన్ని సరిగ్గా నేర్చుకున్నట్టే.

ఆశీస్సులతో,
మీ తాతయ్య