తలకాయ ఎక్స్‌రే: తల నిలిపే పద్ధతి

ఎక్స్‌రే అనగానే మనకు మిషను గుర్తుకొస్తుంది గాని, దాని ముందు మనిషి తల ఎట్లా ఉండాలన్నది గుర్తుకు రాదు. 1895 నవంబరు 8న రాంట్‌జన్ ఈ కిరణాలను కనుగొన్న తర్వాత మిషన్లు ఎన్నో మారాయి. చాలాచోట్ల ఫిల్ము పోయి డిజిటల్ ప్లేటు వచ్చింది. కర్నూలులోనూ, 2006లో కడపలోనూ వైద్య కళాశాలలు వెలిశాయి. అయినా ఒక్క విషయం మాత్రం మారలేదు. ఎక్స్‌రే అంటే నీడ.

తోలుబొమ్మలాట చూసినవారికి నీడ ధర్మం విడమర్చి చెప్పనక్కరలేదు. బొమ్మ తెరకు ఆనుకుంటే అంచులు స్పష్టం. దూరమైతే బొమ్మ పెద్దదై మసకబారుతుంది. పక్కకు తిప్పితే రూపమే మారిపోతుంది. పుర్రెలో 22 ఎముకలున్నాయి. అవి ఒకదానిమీద ఒకటి నీడ వేస్తాయి. తల కాస్త వాలితే లేని తేడా కనిపించవచ్చు, ఉన్న చీలిక దాగిపోవచ్చు. కాబట్టి దెబ్బ తగిలిన వైపును ప్లేటుకు దగ్గరగా ఉంచాలి.

మనం గుర్తుంచుకోవలసిన గీతలు మూడే. కంటి బయటి కొస నుంచి చెవి రంధ్రానికి గీసేది ఆర్బిటోమీటల్ రేఖ. ఇదే ఆధారరేఖ. రెండు కంటిపాపలను కలిపేది రెండవది. తలను కుడి ఎడమలుగా పంచే మధ్యతలం మూడవది.

పక్క నుంచి తీసే లాటరల్‌లో మధ్యతలం ప్లేటుకు సమాంతరంగానూ, కంటిపాపల రేఖ లంబంగానూ ఉండాలి. రెండు కంటిగూళ్ల పైకప్పులు ఒకదానిమీద ఒకటి పడితే తల సరిగా నిలిచినట్లే.

ముందు చిత్రానికి నుదురు, ముక్కు ప్లేటుకు ఆనించి ఆధారరేఖను లంబంగా నిలపాలి. ట్యూబును 15 డిగ్రీలు కాళ్లవైపు వంచితే పెట్రస్ ఎముక నీడ కంటిగూటి కింది భాగానికి దిగుతుంది. కిరణాలు వెనుక నుంచి వస్తాయి గనుక కంటి కటకానికి తగిలే మోతాదు కూడా తక్కువ.

తల వెనుక ఎముక కోసం టౌన్ చిత్రం. రోగి వెల్లకిలా పడుకొని గదవ ఎదవైపు దించాలి. ఆధారరేఖకు 30 డిగ్రీలు కాళ్లవైపు ట్యూబు వంచాలి. సైనసుల కోసం వాటర్స్ చిత్రం. దీనికి గదవ పైకెత్తాలి. ఆధారరేఖ ప్లేటుతో సుమారు 45 డిగ్రీలుంటే పెట్రస్ నీడ సైనసుల కిందికి పోతుంది. ఇది కూర్చోబెట్టి తీయాలి. కుండలో నీళ్లలాగా సైనసులోని ద్రవం అప్పుడే మట్టం చూపుతుంది.

ఇక అసలు సంగతి. బేతంచెర్ల నాపరాతి గనిలోనో, చింతచెట్టు మీది నుంచో పడినవాడు వచ్చాడనుకోండి. పై నియమాలు బాగా వచ్చినవాడికే ఇక్కడ ప్రమాదం. చిత్రం కుదరాలని తల తిప్పామా, విరిగిన మెడ ఎముక వెన్నుపామును నలిపేయవచ్చు. మెడ క్షేమమని తేలేదాకా కాలరు తీయరాదు, గదవ ఎత్తరాదు, దించరాదు. రోగిని కదపకుండా ట్యూబును పక్కకు తెచ్చి అడ్డకిరణంతో లాటరల్ తీయాలి. స్ఫీనాయిడ్ సైనసులో ద్రవ మట్టం కనిపిస్తే పుర్రె అడుగు విరిగిందేమోనని అనుమానించాలి.

ఇంకొక మాట. ఎక్స్‌రే ఎముకనే చూపుతుంది, మెదడులోని రక్తస్రావాన్ని చూపదు. ఎముక విరగకపోయినా లోపల రక్తం కారుతూ ఉండవచ్చు. 1971లో మొదటి రోగికి సి.టి. తీసినప్పటి నుంచి ఈ లోటు తీరుతూ వచ్చింది. తల దెబ్బకు నేడు ముందుగా అడగవలసింది సి.టి.నే. ఎక్స్‌రే బాగుందని మత్తుగా ఉన్నవాణ్ణి ఇంటికి పంపరాదు.

పోస్టింగులో నేను గమనించినది చెబుతాను. కమ్మలు, ముక్కుపుడక, జడపిన్నులు తీయించడం, కొప్పు విప్పించడం మొదటి పని. తర్వాత మాట. "మెడ ఫ్లెక్స్ చేయండి" అంటే పత్తికొండ నుంచి వచ్చిన రైతుకు ఏం తెలుస్తుంది? "పెద్దాయనా, గదవ కొంచెం దించప్పా, ఊపిరి బిగబట్టు, కదలాకు" అంటే చాలు, తల తానే నిలుస్తుంది. రెండోసారి తీసే పని ఉండదు. అనవసరపు కిరణాలూ తగలవు, సాయంత్రం బస్సూ తప్పిపోదు.

మిత్రులారా, బటను నొక్కేముందు మూడు గీతలు చూడండి. దెబ్బ తగిలినవాడైతే వాటికన్నా ముందు మెడ చూడండి.