ఆకులోని రెండు కార్యశాలలు

నీరు, బొగ్గుపులుసు వాయువు, సూర్యరశ్మి కలిసి పిండిపదార్థమును, ప్రాణవాయువును ఇస్తాయని పాఠశాలలో బాలబాలికలు నేర్చుకుంటారు. ఈ కిరణజన్య సంయోగక్రియలో సూర్యరశ్మి చేసే పని ఒకేచోట జరగదు. ఈ సత్యాన్ని నిరూపించినవారిలో అగ్రగణ్యురాలు న్యూజీలాండు ఆడపడుచు జోన్ మేరీ ఆండర్సన్. దక్షిణ ద్వీపంలోని డునీడిన్ నగరంలో 1932లో జన్మించి, స్వదేశంలోనే రసాయన శాస్త్రం అభ్యసించి, అమెరికాలోని బర్కిలీలో మెల్విన్ కాల్విన్ వద్ద పరిశోధించి 1959లో డాక్టరేటు పొందారు. పిదప ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రా ఆమె కార్యక్షేత్రమైనది.

కాంతి రెండు దశలలో పనిచేస్తుందని 1960లో రాబిన్ హిల్, ఫే బెండాల్ ప్రతిపాదించారు. అయితే ఆ రెండు కాంతివ్యవస్థలను వేరుచేసి చూపడం ఎట్లు? 1964లో ఆండర్సన్, కీత్ బోర్డ్‌మన్ పాలకూర ఆకుల హరితరేణువులను డిజిటోనిన్ అనే పదార్థంతో విడదీసి, ఆ ద్రవాన్ని అపకేంద్ర యంత్రంలో అతివేగంగా తిప్పారు. కవ్వం తిప్పగా మజ్జిగ నుండి వెన్న వేరుపడినట్లు, బరువైన కణాలు, తేలికైన కణాలు వేరుపడ్డాయి. మొదటివాటిలో రెండవ కాంతివ్యవస్థ, తక్కినవాటిలో మొదటి కాంతివ్యవస్థ అధికంగా ఉన్నవి.

ఈ రెండూ పొరలో పక్కపక్కనే ఉంటాయని పలువురి భావన. 1980లో ఆండర్సన్, స్వీడను శాస్త్రజ్ఞుడు బెర్టిల్ ఆండర్సన్‌తో కలిసి, ఆ భావనను తారుమారు చేశారు. దొంతరలుగా పేర్చిన పొరల నడుమ రెండవ వ్యవస్థ, దొంతరలకు వెలుపలి పొరలలో మొదటి వ్యవస్థ ప్రధానంగా ఉంటాయని చూపారు. నడుమ ఎలక్ట్రానులను చేరవేసేవి సంచరించే అణువులు. పక్కపక్కనే ఉంటే రెండవ వ్యవస్థ గ్రహించిన శక్తి మొదటిదానిలోనికి పొర్లిపోయే ప్రమాదమున్నది. ఎడం ఆ నష్టాన్ని తగ్గిస్తుంది.

శక్తి అణువునుండి అణువుకు ఎట్లు ప్రయాణిస్తుందన్న ప్రశ్న క్వాంటం జీవశాస్త్రానిది. 2007లో బర్కిలీలోనే గ్రహామ్ ఫ్లెమింగ్ బృందం, అతిశీతల స్థితిలో ఉంచిన బాక్టీరియా మాంసకృత్తులో, శక్తి అలవలె ఒకేసారి పలు మార్గాలలో వ్యాపిస్తున్నట్లు సూచించే సంకేతాలను గమనించింది. ఆ సంకేతాలలో దీర్ఘకాలం నిలిచినవి ప్రధానంగా అణువుల కంపనాలవని 2020 నాటి సమీక్ష తేల్చింది. ఆకర్షణీయమైన ఊహకైనను ప్రయోగమే గీటురాయి.

1996లో లండను రాయల్ సొసైటీ ఆండర్సన్‌ను సభ్యురాలిగా ఎన్నుకున్నది. 2015లో ఆమె కన్నుమూశారు. పాలకూర ఆకు ఎల్లవేళలా అందరి వంటింటిలోనిదే; దానిని ప్రశ్నించే ఓర్పు మాత్రం ఆమెది.