పన్నుచీటి - లైసెన్సు

"బండికి జీవితకాలపు పన్ను కట్టితిమి గదా, అబ్బాయి దానిపై బడికి వచ్చిన తప్పేమి?" అని ఒక తండ్రి నన్నడిగిరి. ఆ రెండు పత్రముల చరిత్రయే దానికి సమాధానము.

పన్ను బండిది. చెన్నరాజధానిలో 1931 నాటి చట్టము దారిసుంకములకు బదులుగా మోటారు బండ్లపై పన్ను విధించెను. నాడు మన ధర్మపురి సేలము జిల్లాలోనిది. 1965లో ప్రత్యేక జిల్లా అయినది. తమిళనాట నేడు అమలునందున్నది 1974 నాటి పన్ను చట్టము.

లైసెన్సు మనిషిది. ఇంగ్లండున 1903 నాటి చట్టము దానిని ప్రవేశపెట్టినప్పుడు అయిదు షిల్లింగులు చెల్లించిన చాలెను. పరీక్ష 1935లో గాని తప్పనిసరి కాలేదు. మన దేశమున 1914, 1939, 1988 సంవత్సరములలో మోటారు చట్టములు వెలసినవి. నేటి నియమము ప్రకారము 18 ఏండ్లు నిండవలయును. 16 నిండినవారికి 50 సి.సి. మించని గేరులేని బండికి మాత్రమే లైసెన్సు దొరకును.

2019 సవరణ ననుసరించి బాలుడు బండి నడిపి నేరము చేసినచో సంరక్షకునకు లేక యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేండ్ల వరకు జైలు విధింపబడవచ్చును. బండి నమోదు 12 నెలలు రద్దగును. ఆ బాలునకు 25 ఏండ్లు నిండువరకు లైసెన్సు రాదు.

కావున పెద్దలారా, పన్నుచీటి చూచి తాళపుచెవి ఈయకుడు. బిడ్డ వయస్సు చూడుడు.