మొగ దగ్గర ఒక రాత్రి

రేణిగుంట పేరు వినగానే రైళ్ల కూడలి స్ఫురిస్తుంది. చెన్నై నుంచి గుంతకల్లు వైపు సాగే మార్గమూ, గూడూరు నుంచి కాట్పాడి వైపు సాగే మార్గమూ అక్కడ కలుస్తాయి. ఆ కూడలి కేంద్రంగా ముప్పై నాలుగేళ్లు గార్డుగా పనిచేసి విశ్రాంతి పొందిన ఒక ఉద్యోగి, ఆయన ఇల్లాలు ఈ పాఠంలోని యాత్రికులు. యాత్ర అంటే కాశీ రామేశ్వరాలు కావు. రెండు పగళ్లు, ఒక రాత్రి. చేరవలసింది వాకాడు మండలంలోని తూపిలిపాళెం సముద్రతీరం. తోడుగా కొడుకు దగ్గర అడిగి తెచ్చుకొన్న ఒక చిన్న డేరా.

దూరం వంద కిలోమీటర్లకు అటూ ఇటూ. అయినా ఈ ప్రయాణానికి ముప్పై ఎనిమిదేళ్లు పట్టింది. ఆమె పుట్టిల్లు పులికాటు సరస్సు ఒడ్డున ఒక పల్లె. ఆ సరస్సును అక్కడివారు ప్రళయకావేరి అంటారు. పెళ్లయిన కొత్తలో ఆమె భర్తను కోరినది ఒక్కటే: "మా మొగ చూపిస్తాను, ఒకసారి రండి." మొగ అంటే సరస్సు సముద్రంతో కలిసే ముఖద్వారం. ఆయన పండుగకు ఉదయం వచ్చి, సాయంత్రం డ్యూటీ ఉందని వెళ్లిపోయేవాడు. కాలక్రమంలో ఆమె తండ్రి పోయాడు. ఇల్లు అమ్ముడుపోయింది. "ఇల్లు పోతే పోయింది, మొగ ఎక్కడికి పోతుంది?" అని ఆమె అప్పుడప్పుడు అంటూ ఉండేది.

జనవరి మాసం. ఈశాన్య రుతుపవనాలు వెనుదిరిగాయి. తుఫానుల భయం తీరింది. ఆ దంపతులు శ్రీకాళహస్తి మీదుగా నాయుడుపేటకు బస్సెక్కారు. దారి పొడవునా స్వర్ణముఖి వారితో దోబూచులాడింది. చంద్రగిరి ప్రాంతపు కొండల్లో పుట్టిన ఆ నది తిరుపతి, శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగా ప్రవహించి వాకాడు సమీపాన సముద్రాన్ని చేరుతుంది. రేణిగుంట ప్రాంతంవారికి అది ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక నదే. నీరు కంటబడితే వార్త.

సరస్సులోని పక్షుల అభయారణ్యంలో డేరా వేయాలన్న ఆలోచన వారికి మొదట ఉండేది. అక్కడ రాత్రి బస కూడదని తెలిసి, తీరంలోని మత్స్యకారుల పెద్దను అనుమతి అడిగారు. ఆయన సరుగుడు తోట అంచున చోటు చూపించాడు. రైళ్లను నిమిషాల లెక్కన నడిపిన మనిషికి డేరా లొంగలేదు. మేకు దిగగొట్టిన మరుక్షణమే ఇసుకలోంచి ఊడి వచ్చేది. మూడోసారి ఊడినప్పుడు ఆ పెద్ద నవ్వుతూ నాలుగు గోనెసంచులు తెచ్చాడు. వాటిలో ఇసుక నింపి, తాళ్లను మేకులకు బదులు సంచులకు కట్టి, మోచేతి లోతున పూడ్చాడు. ఇసుకను ఇసుకతోనే పట్టి నిలిపాడన్నమాట. ఆ తరువాత డేరా కదలలేదు.

చీకటి పడగానే ఆమె బ్యాటరీ దీపం వెలిగించింది. ఒడ్డున నడిచి వెళుతున్న ఆ పెద్దే మళ్లీ ఆగాడు.

"దీపం ఆర్పేయమ్మా. ఇవి తాబేళ్లు గుడ్లు పెట్టే దినాలు."

ఆయన మాటలో శాస్త్రం ఉంది. ఆలివ్ రిడ్లే జాతి సముద్రపు తాబేళ్లు శీతకాలం చివరి నెలల్లో ఆంధ్ర తీరానికి వచ్చి, రాత్రివేళ ఇసుకలో గుంట తవ్వి, సుమారు నూరు గుడ్లు పెట్టి తిరిగి వెళ్లిపోతాయి. ఒడ్డున దీపం కనిపిస్తే తల్లి తాబేలు వెనుదిరగవచ్చు. నలభై అయిదు నుంచి అరవై రోజులకు గుడ్లలోంచి వచ్చే పిల్లలు సముద్రం మీది వెలుగును బట్టి దారి పోల్చుకొంటాయి. ఒడ్డున దీపాలు ఉంటే అవి అటే పాకి దారి తప్పుతాయి. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే ప్రాణి. మరబోటు వలలో చిక్కి పైకి రాలేకపోతే నీటి జీవి అయి ఉండీ నీటిలోనే ఊపిరాడక చనిపోతుంది. అంతటి ఆపదను దాటి ఒడ్డెక్కిన ప్రాణికి ఒక దీపం అడ్డు రావడం న్యాయం కాదు. ఆ రాత్రి దంపతులు చీకట్లోనే సద్దిమూటలు విప్పుకొన్నారు. ముప్పై నాలుగేళ్లు పచ్చదీపం ఊపిన చేతికి దీపం లేని రాత్రి కొత్త. ఆయన చాలాసేపు నిద్రపోలేదు. తెల్లవారుజామున చూస్తే, డేరాకు కొద్ది దూరంలో ట్రాక్టరు చక్రం నడిచినట్టు ఇసుక మీద వెడల్పైన జాడ ఉంది. అలల దగ్గర మొదలై, పైకి వచ్చి, మళ్లీ అలల్లోకే పోయింది.

పొద్దెక్కకముందే దక్షిణంగా రాయదొరువు వైపు బయలుదేరారు. పులికాటు మన దేశంలో చిలుక తరువాత రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు. ఆంధ్ర, తమిళనాడు రాష్ట్రాలు రెండూ దానిని పంచుకొన్నాయి. దానికీ బంగాళాఖాతానికీ నడుమ శ్రీహరికోట దీవి గోడలా నిలిచి ఉంది. కాళంగి, ఆరణి వంటి నదులు మంచినీటిని తెస్తాయి. సముద్రం మొగల గుండా ఉప్పునీటిని, దానితోపాటు రొయ్య పిల్లలను, చేప పిల్లలను పంపుతుంది. అవి సరస్సులో పెరుగుతాయి. అలలు తెచ్చే ఇసుక మొగలో మేట వేస్తూనే ఉంటుంది. నదుల వరద బలంగా ఉన్నంతకాలం ఆ మేటను నెట్టివేసేది. వరద తగ్గితే మొగ పూడిపోతుంది. ఉత్తర భాగంలో వేసవి నాటికి నీరు ఇంకి నేల బయటపడుతుంది. రాయదొరువు వద్ద పూడిక తీతకు 2023లో శంకుస్థాపన జరిగింది. చేపనే నమ్ముకొన్న కుటుంబాలకు ఇది బతుకుతెరువు సమస్య. నేలపట్టు చెరువులోని కడప చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లలను సాకే గూడబాతులకూ అంతే. పిల్లల ఆకలి తీర్చే చేపల కోసం అవి ఈ సరస్సు మీదికే వస్తాయి.

దంపతులు సరస్సు అంచుకు చేరేసరికి ఎదుట వందలాది రాజహంసలు. వీటినే ఫ్లెమింగోలంటారు. పొడవాటి మెడలు వంచి, ముక్కులు తలకిందులుగా నీటిలో ఉంచి, బురద వడగట్టి ఆహారం ఏరుకొంటున్నాయి. నాచులోను, చిన్న రొయ్యజాతి జీవులలోను ఉండే వర్ణద్రవ్యమే వాటి రెక్కలకు ఆ గులాబీ రంగునిస్తుంది.

"ఇంత అందం పెట్టుకొని, ఇన్నాళ్లూ నన్ను బలవంతంగానైనా లాక్కురాలేకపోయావే!" అన్నాడాయన.

ఆమె బదులు పలకలేదు. చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకొని నీటిలోకి దిగింది. పది అడుగులు వేసింది. ఇరవై అడుగులు వేసింది. నీరు చీలమండ దాటలేదు.

"ఏమండీ, ఇక్కడ మా నాయన గడకర్ర నేలకు అందేది కాదు."

ఆయన మాట ఆగిపోయింది. రాజహంసలకు నిలబడి మేయడానికి లోతు తక్కువ నీరే కావాలి. చూడవచ్చినవారు దానిని చూసి మురిసిపోతారు. ఆ నీటిలో పడవ సాగదని పడవ నడిపినవాడి బిడ్డకు తెలుసు. ఇంకొంచెం తగ్గి నేల బయటపడితే ఆ పక్షులూ అక్కడ నిలవవు.

ఆయన చెప్పులు విప్పి, డేరా కర్ర ఒకటి చేతబట్టి ఆమె దగ్గరికి నడిచాడు. కర్రను నీటిలో నిలిపి, తడి ఎంతవరకు వచ్చిందో వేళ్లతో కొలిచాడు. జేబులోంచి పాత అలవాటు కొద్దీ వెంట ఉంచుకొన్న చిన్న పుస్తకం తీశాడు. ఒకప్పుడు రైలు ఏ స్టేషనులో ఎన్ని నిమిషాలు ఆగిందో రాసిన వరుసలోనే రాశాడు: ఉదయం 8.40. జానెడు.

ఆమె తొంగి చూసింది. "మా నాయన గడకర్ర లోతు కూడా రాయండి" అన్నది. ఆయన దానిని పై వరుసలో రాసి, కింద వచ్చే జనవరికని ఒక వరుస ఖాళీగా వదిలాడు.