ఇంజను ఆయిలులో టానిక్కు పోయవలెనా?

అనంతపురము జిల్లా రైతునకు వాన విలువ వేరుగా చెప్పనక్కరలేదు. ఈ సీమలో సాలీనా సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. జూన్, జూలై నెలలలో ఒక మంచి వాన కురిసి పదును దొరికినను, తేలిక ఎర్రనేలలలో అది కొద్ది దినములే నిలుచును. ఆ దినములలోనే వేరుశనగ విత్తనము భూమిలో పడవలెను. సరిగా అప్పుడు ట్రాక్టరు మొరాయించినచో, నష్టము మెకానికు కూలితో పోదు. పంట మీద పడును.

ఈ భయము వలననే పలువురు రైతులు ఆయిలు మార్చునపుడు అంగడిలో ఒక చిన్న సీసా కూడ కొనుచున్నారు. దీనిని ఆయిలులో పోసిన ఇంజను అరగదనియు, పొగ తగ్గుననియు, డీజిలు కలిసివచ్చుననియు అమ్మువారు చెప్పుదురు. కొందరు దీనిని ఆడిటివ్ అనియు, కొందరు ఇంజను టానిక్కు అనియు పిలుచుచున్నారు. ట్రాక్టరుకే గాక కార్లకు, మోటారు సైకిళ్లకు కూడ దీనిని పోయుచున్నారు. ఇది పెట్టిన డబ్బుకు తగిన మేలు చేయునా అను విషయము విచారింతము.

మంచి ఆయిలులోనే మందులున్నవి

డబ్బాలో వచ్చు ఇంజను ఆయిలు వట్టి నూనె కాదు. అందులో మూలతైలముతో పాటు పలు రకముల రసాయనములను తయారీదారులే కలిపియుందురు. మసిని కడుగునది ఒకటి. కడిగిన మసి ఒకచోట పేరుకొనకుండ ఆయిలులోనే తేల్చి యుంచునది మరియొకటి. లోహము లోహమునకు రాచుకొనుచోట పలుచని రక్షణ పొరనిచ్చుటకు జింకు, భాస్వరము గల పదార్థమును చేర్చుదురు. నురుగు పట్టకుండుటకు, వేడికి ఆయిలు చెడకుండుటకు, వేడెక్కినపుడు మరీ పలుచబడకుండుటకు వేరు వేరు పదార్థములు గలవు.

ఇవి అన్నియు ఒకదానితో నొకటి పొసగునట్లు పాళ్లు కుదిర్చి, ఆ ఆయిలును ఇంజనులలో నడిపి పరీక్షించిన పిమ్మటనే దానికి శ్రేణి నిర్ణయింతురు. డబ్బాపై ఏపీఐ సీహెచ్-4, సీఐ-4 అని యుండునది ఆ శ్రేణియే. 15డబ్ల్యు-40 వంటి అంకెలు చిక్కదనమును తెలుపును.

విత్తనశుద్ధికి కిలోకు ఇంత అని చెప్పిన మందును రెట్టింపు పట్టించినచో మొలక రెట్టింపు కాదని మీరెరుగుదురు. ఆయిలు విషయమును అట్టిదే. కుదిరిన పాళ్లలో బయటి సీసా పోసిన, ఆ పొందిక చెడవచ్చును. అటుపిమ్మట ఆ ఆయిలు పరీక్షలో నెగ్గిన ఆయిలు కాదు.

ఆయిలు నల్లబడినదని కంగారుపడి టానిక్కు పోయువారు కూడ గలరు. డీజిలు ఇంజనులో ఆయిలు త్వరగా నల్లబడుట సహజము. అది మసిని కడిగి తనలో నిలుపుకొనుచున్నదని అర్థము.

సీసాలలో ఏమున్నది?

అంగడిలో దొరకు సీసాలలో ముఖ్యముగా మూడు విధములు గలవు.

మొదటిది ఆయిలును చిక్కబరచునది. బోరుకు వచ్చిన ఇంజనులో దీనిని పోసిన పొగ కొంత తగ్గినట్లును, ఆయిలు ప్రెషరు పెరిగినట్లును కనిపించును. కాని అరిగిన రింగులు, లైనరు మరల పెరుగవు. జబ్బు లోపల అట్లే యుండి, గుర్తు మాత్రమే మరుగుపడును. పైగా చిక్కని ఆయిలు, ఇంజను స్టార్టు చేయగనే బేరింగులకు చేరుటకు ఎక్కువ సమయము పట్టును.

రెండవది రాపిడిని తగ్గించుననునది. మోటారు సైకిళ్లలో ఎక్కువ వాటికి క్లచ్చి ఇంజను ఆయిలులోనే మునిగి తిరుగును. అట్టి వాటిలో దీనిని పోసిన క్లచ్చి జారును. ట్రాక్టరులో ఆయిలులో మునిగి యుండు బ్రేకులకు కూడ ఇట్టి పదార్థము తగదు. జింకు, భాస్వరము అదనముగా చేర్చు సీసాలు కొత్త కార్ల పొగ గొట్టములోని శుద్ధి పరికరమును చెరుపవచ్చును.

మూడవది లోపల కడుగుననునది. సకాలమున ఆయిలు మార్చు ఇంజనుకు దీని అవసరము లేదు. ఏండ్ల తరబడి మడ్డి పేరుకొనిన ఇంజనులో ఆ మడ్డి ఒక్కసారిగా ఊడి, ఆయిలు దారులకు అడ్డుపడు ప్రమాదము గలదు.

అమెరికాలో జరిగినది

ఈ వివాదము మనకే పరిమితము కాదు. స్లిక్ 50 అను పేరుగల ఆడిటివ్ అమెరికాలో విరివిగా అమ్ముడుపోయెను. ఇంజను అరుగుదలను అది ఎంతో తగ్గించునను ప్రకటనలకు తగిన ఆధారములు లేవని అచటి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1996లో అభియోగము తెచ్చెను. 1997లో ఆ వ్యవహారము ఒప్పందముతో ముగిసెను. ఆధారము లేనిదే అట్టి ప్రకటనలు చేయరాదని కట్టడి ఏర్పడెను. సీసాపై వ్రాసిన మాట వేరు, రుజువైన విషయము వేరు అని దీనివలన గ్రహింపవలెను.

మన సీమలో అసలు శత్రువు దుమ్ము

ఎండు దుక్కి చేయునపుడు లేచు ఎర్రదుమ్ములో సన్నని ఇసుక రేణువులుండును. ఎయిర్ క్లీనరు సరిగా లేనిచో అవి గాలితో సిలిండరులోనికి పోయి, రింగులను, లైనరును ఆకురాయి వలె అరుగదీయును. ఏ టానిక్కును ఈ ఇసుకను ఆపజాలదు. కావున సీసాకు పెట్టు శ్రద్ధ, డబ్బు ఎయిర్ క్లీనరుకు పెట్టుట మేలు.

ఒక లెక్క చూడుడు. ఏటికి 1,000 గంటలు తిరుగు ట్రాక్టరుకు 250 గంటలకొకసారి ఆయిలు మార్చినచో నాలుగు మార్పులగును. సీసా వెల 400 రూపాయలనుకొనిన, ఏటికి 1,600 రూపాయలు టానిక్కుకే పోవును. ఆ సొమ్ముతో ఫిల్టరు, ఎయిర్ క్లీనరు ఆయిలు, పగిలిన రబ్బరు గొట్టము వంటి వాటిని మార్చుకొనిన ఇంజనుకు నిజమైన రక్షణ లభించును.

చేయవలసిన పనులు

1. ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకములో చెప్పిన శ్రేణి, చిక్కదనము గల ఆయిలునే సీలు చెడని డబ్బాలో, రసీదు తీసుకొని కొనవలెను.

2. పుస్తకములో చెప్పిన గంటలకు ఆయిలును, ఫిల్టరును తప్పక మార్చవలెను. దుమ్ములో పని ఎక్కువైనచో ఇంకను ముందే మార్చుట మంచిది.

3. ప్రతి ఉదయము ట్రాక్టరును చదునైన చోట నిలిపి, ఇంజను స్టార్టు చేయకముందే గేజి కడ్డీతో ఆయిలు మట్టము చూడవలెను. మట్టము పెరిగినచో డీజిలో నీరో కలియుచున్నదని అనుమానింపవలెను. ఆయిలు పాలవలె తెల్లబడిన, నీరు చేరినట్లే. అప్పుడు ఇంజను నడుపరాదు.

4. దుక్కి దినములలో ఎయిర్ క్లీనరు గిన్నెను ప్రతిదినము చూచి, అడుగున మట్టి పేరుకొనిన కడిగి, గుర్తు వరకు కొత్త ఆయిలు పోయవలెను. క్లీనరు నుండి ఇంజనుకు పోవు గొట్టములో బీటలు, క్లిప్పులలో వదులు లేకుండ చూడవలెను.

5. నడిచిన గంటలు, తక్కువైనందున పోసిన ఆయిలు ఒక పుస్తకములో వ్రాసి యుంచవలెను. నీలి పొగ వచ్చుచు ఆయిలు ఖర్చు నానాటికి పెరిగినచో, విత్తు కాలమునకు ముందే, వేసవిలోనే ఇంజను విప్పించి బాగుచేయించుకొనవలెను.

6. తీసిన పాత ఆయిలును బావి దగ్గర గాని, పొలములో గాని పారబోయరాదు. మూత గల డబ్బాలో నిలువచేసి, పాత ఆయిలు తీసుకొను అధీకృత వ్యాపారులకు ఇయ్యవలెను.

ట్రాక్టరు తయారు చేసినవారే ఏదైన పదార్థమును పేరు చెప్పి వాడుమనినచో, దానిని చెప్పిన మోతాదులో వాడవచ్చును. వారు చెప్పనిది పోసినచో వారంటీ విషయములో చిక్కులు రావచ్చును.

యంత్రముల వాడకము, సంరక్షణలో శిక్షణ నిచ్చుటకు మన జిల్లాలోని గార్లదిన్నెలోనే కేంద్ర ప్రభుత్వమువారి దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ గలదు. గ్రామాధికారులు, గ్రామ వ్యవసాయ సహాయకులు తమ గ్రామములోని ట్రాక్టరు యజమానులను, డ్రైవర్లను అచటి శిక్షణకు ప్రోత్సహింపవలెను. బాడుగకు తిరుగు ట్రాక్టరు ఒకటి నిలిచిన, విత్తు ఆగునది ఒక ఇంటికి కాదు, పలు కుటుంబములకు.

రైతు సోదరులారా! ఇంజనుకు కావలసిన బలము మంచి ఆయిలులో, శుభ్రమైన గాలిలో, సకాలమున చేయు మార్పులో నున్నది. వచ్చే వానకు ముందు ఎయిర్ క్లీనరు విప్పి చూడుడు. సీసా సంగతి ఆ తరువాత మీకే తెలియును.