మనవాడి మీద వార్త వచ్చినప్పుడు



కేసపుత్తంలో కాలాములు బుద్ధుణ్ణి అడిగిన ప్రశ్న మనకు తెలిసిందే. మా ఊరికి ఒకరి తర్వాత ఒకరు బోధకులు వస్తున్నారు, ఎవరికి వారు తమ మాటే గొప్పంటారు, పక్కవాడిది తప్పంటారు, ఎవర్ని నమ్మమంటారు అని. రాత్రి టీవీ ముందు కూర్చుని నాలుగు చానళ్ళు మార్చినవాడికి ఆ కష్టం అర్థమవుతుంది. నమ్మడానికి చాలని కారణాలు బుద్ధుడు పది చెప్పాడు. నలుగురూ అంటున్నారని నమ్మొద్దన్నది అందరికీ గుర్తుంటుంది. చెప్పినవాడు మన గురువు కదా అని నమ్మొద్దన్న చివరిదాన్ని మాత్రం మనం చప్పున దాటేస్తాం. ఈ పాఠం దాని గురించే.

2001 మార్చిలో నేను డిగ్రీ చదువుతున్నాను. తెహల్కా అనే చిన్న ఇంటర్నెట్ పత్రిక విలేకరులు ఆయుధాల వ్యాపారుల్లా నటించి, బీజేపీ జాతీయ అధ్యక్షుడు బంగారు లక్ష్మణ్ లక్ష రూపాయలు తీసుకోవడాన్ని రహస్య కెమెరాలో పట్టారు. ఆయన హైదరాబాద్ మనిషి, దళితుడు. మా హాస్టల్ రెండుగా చీలింది. "ఆ పార్టీలోకి ఎవడెళ్ళమన్నాడు, అనుభవించనీ" అన్నారు కొందరు. "లక్ష తీసుకున్న మనోడు దొరికాడు, కోట్లు మింగిన పెద్దకులాలోళ్ళు దొరకరు" అన్నారు ఇంకొందరు. నేను ఈ రెండో గుంపు. ఆ బాధలో నిజం ఉందని ఇప్పటికీ అంటాను. కానీ ఆ టేపులో అసలేముంది అని మాలో ఒక్కరూ అడగలేదు.

టేపులో డబ్బు చేతులు మారడం కళ్ళకు కనిపిస్తోంది. తెహల్కావాళ్ళు కొందరు సైనికాధికారుల దగ్గరికి సెక్స్ వర్కర్లను పంపారని అదే ఏడాది ఆగస్టులో బయటపడింది. అది తప్పుడు పనే. అంతమాత్రాన లక్ష తీసుకున్న దృశ్యం చెరిగిపోదు. 2012 ఏప్రిల్‌లో ఢిల్లీలోని సీబీఐ ప్రత్యేక కోర్టు లక్ష్మణ్‌కు నాలుగేళ్ళ జైలు వేసింది.

ఇక 2జి. 2010 నవంబర్‌లో కాగ్ నివేదిక బయటికొచ్చింది. స్పెక్ట్రమ్ లైసెన్సుల పంపకంలో ఖజానాకు 1,76,645 కోట్ల నష్టం జరిగి ఉండొచ్చని అంచనా. అప్పటి టెలికాం మంత్రి ఎ. రాజా తమిళ దళితుడు. టీకొట్ల దగ్గర ఆ అంకె కాస్తా "రాజా లక్షా డెబ్బై ఆరు వేల కోట్లు తిన్నాడు" అని మారిపోయింది. నివేదిక తిరగేస్తే, అది ఆ తర్వాత జరిగిన 3జి వేలం ధరతో కట్టిన ఊహా నష్టం. వేరే పద్ధతుల్లో లెక్కకట్టిన 57,666 కోట్లు, 67,364 కోట్లు, 69,626 కోట్లు కూడా అదే నివేదికలో ఉన్నాయి. సీబీఐ చార్జిషీటుకి వచ్చేసరికి 30,984 కోట్లయింది. రాజా తర్వాత వచ్చిన మంత్రి కపిల్ సిబల్ నష్టం సున్నా అన్నారు. అన్నిటికన్నా పెద్ద అంకే హెడ్డింగుకెక్కింది.

మరి అంతా కుట్రేనా? 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు పంపకమే అక్రమమని 122 లైసెన్సులు రద్దు చేసింది. 2017 డిసెంబర్ 21న ప్రత్యేక కోర్టు నిందితులందర్నీ నిర్దోషులంది. చట్టానికి నిలిచే సాక్ష్యం ఎవరైనా తెస్తారేమోనని దాదాపు ఏడేళ్ళు ఎదురుచూశానని, ఒక్కరూ రాలేదని, అందరూ పుకార్ల మీద పుట్టిన అభిప్రాయంతోనే నడిచారని న్యాయమూర్తి ఓ.పి. సైనీ తీర్పులో రాశారు. పద్ధతి సరైనదేనా అన్నది ఒక ప్రశ్న, ఫలానా మనిషి నేరం రుజువైందా అన్నది ఇంకొకటి. ఆ డిసెంబర్‌లో మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో సంబరం చేసుకున్నాం. సుప్రీంకోర్టు తీర్పు ఊసు ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. సగం నిజం పంచడం నాలుగో శీలానికి ఎంత దూరం?

వేసిన వార్తతో పాటు వేయని వార్తనూ చూడాలి. 2010 నవంబర్‌లోనే ఓపెన్, అవుట్‌లుక్ పత్రికలు నీరా రాడియా ఫోను సంభాషణలు ప్రచురించాయి. కార్పొరేట్ల తరఫున పనిచేసే ఆవిడతో పేరున్న ఢిల్లీ జర్నలిస్టులు మంత్రి పదవుల గురించి మాట్లాడుతున్నారు. మొదటి రోజుల్లో పెద్ద పేపర్లు, చానళ్ళు చాలావరకు నోరు మెదపలేదు. మన దగ్గర ఏ పేపరు ఏ పార్టీదో చిన్నపిల్లాడు కూడా చెప్తాడు. డబ్బులిచ్చి వేయించుకునే ఎన్నికల వార్తల మీద 2010లో ప్రెస్ కౌన్సిల్ కోసం నివేదిక రాసిన ఇద్దరిలో ఒకరు మన తెలుగు పాత్రికేయులు కె. శ్రీనివాస్ రెడ్డి. బాబాసాహెబ్ అయితే 1943లోనే, పుణెలో రానడే మీద చేసిన ప్రసంగంలో, పత్రికారంగం సబ్బుల తయారీలాంటి వ్యాపారమైపోయిందన్నారు.

నాకో అలవాటుంది. పేపర్లో "తెలిసింది", "సమాచారం", "విశ్వసనీయ వర్గాల భోగట్టా", "అంటున్నారు" అని ఉన్నచోటల్లా పెన్సిల్‌తో గీత గీస్తాను. గీతలు నిండిపోతే ఆ వార్తలో చూసినవాడెవడూ లేడన్నమాట. తర్వాత కాగితం కోసం వెతుకుతాను. ఎఫ్ఐఆర్ ఉంటే అది ఆరోపణ, చార్జిషీటు ఉంటే అది పోలీసుల వాదన, తీర్పు ఉంటే ఏ కోర్టుది, పైకోర్టులో ఏమైంది? 2జి కేసే ఇంకా ముగియలేదు, సీబీఐ అప్పీలుకు 2024 మార్చిలో ఢిల్లీ హైకోర్టు అనుమతిచ్చింది.

వచ్చే ఆదివారం వందన అయ్యాక కాసేపు కూర్చుందాం. మీకిష్టమైన నాయకుడి మీద వచ్చిన అవినీతి వార్త ఒకటి, అతనికి అనుకూలమైన పేపర్లో ఒకటి, పడని పేపర్లో ఒకటి కత్తిరించి తీసుకురండి. పెన్సిళ్ళు నేను తెస్తాను.